మట్టి అత్తరు

“కూలర్‌కు ఆ గడ్డి ఇంకెన్ని రోజులుంచుతవ్? ఇల్లంత తడి కంపు,” అన్నాడు గోవర్ధన్, పేపర్లోంచి తలెత్తకుండానే.

అది గడ్డి కాదు, వట్టివేళ్ల తడిక. ఎండాకాలమంతా ఆ తడిక మీదుగా వచ్చిన చల్లగాలికి ఒళ్లు తెలియకుండా నిద్రపోయిన మనిషి అతనే. రాజకుమారి ఆ మాట అనలేదు. స్టూలు జరుపుకుని ఎక్కి, తడికెల తాళ్లు విప్పి, మేడ మీదికి మోసుకెళ్లి పిట్టగోడకి ఆరేసింది. తొంభై ఆరో సంవత్సరం, జూన్ రెండో శనివారం. అతనికి సెలవు. ఆమె పనిచేసే ప్రైవేటు బడిలో రెండో శనివారాలు లేవు. బడి తెరిచే రోజులు కనుక ఆఫీసులో పని ఇంకా ఎక్కువ.

అశోక్‌నగర్‌లో ఇందిరా పార్కు వైపు పోయే సందులో వాళ్ల ఇల్లు. కాలం మారినప్పుడల్లా ఆ ఇంటిని కొత్త కాలంలోకి దాటించేది రాజకుమారే. శివరాత్రి పోగానే తడికెలు కట్టడం, తాగే నీళ్ల కుండలో గుప్పెడు వట్టివేళ్లు మూటగట్టి వేయడం, కొబ్బరినూనెలో వట్టివేళ్లు, కచ్చూరాలు వేసి ఎండలో పెట్టి అందరి తలలకీ చలవ నూనె తీయడం. మిరుగం చొచ్చి వానలు మొదలయ్యాయంటే నీలగిరి తైలం సీసా ముందుకు వచ్చేది, ఆరని బట్టలకి సాంబ్రాణి పొగ పట్టేది. చలి మొదలైతే నువ్వుల నూనె వెచ్చబెట్టి, కర్పూరం కలిపి అత్తగారు తిమ్మమ్మ మోకాళ్లకి రాసేది. మేడ మీద మల్లెలు ఆగిపోయేవేళకి కనకాంబరాలు, అవి తగ్గేవేళకి చామంతులు, చామంతుల పక్కన మరువం, దవనం. ఏ కుండీ ఎండలోకి జరపాలో, ఏది వాన కింద నుంచి తీయాలో ఆమెకే తెలుసు. ఇల్లు దానంతటదే చల్లబడినట్టు, దానంతటదే వెచ్చబడినట్టు మిగతావాళ్లంతా అనుకునేవాళ్లు. “ఈసారి ఎండలు అంత తెల్వలే,” అని గోవర్ధన్ ఆఫీసులో వాళ్లతో అనడం ఆమె ఒకసారి విన్నది కూడా.

ఇవన్నీ ఆమెకి తండ్రి నుంచి వచ్చాయి. శాలిబండలో వాళ్ల నాయన బట్టల దుకాణంలో గుమాస్తా. కాలం మారిన రోజున చిన్న దూది ఉండకి అత్తరు అద్దుకుని ఇంటికొచ్చి, కూతురి చెవి మడతలో పెట్టేవాడు. ఎండాకాలానికి వట్టివేళ్ల ఖస్, మొదటి వానకి మట్టి అత్తరు, చలికి హీనా. “ఇగ వానాకాలమొచ్చింది బిడ్డా,” అనేవాడు, ఇంటికి చుట్టమొచ్చిన సంగతి చెప్పినట్టు. ఆ పిల్ల ఆ రోజంతా తల ఒక పక్కకి వంచి తన చెవి తనే వాసన చూసుకోవాలని తిప్పలు పడేది.

పెళ్లయిన కొత్తలో రాజకుమారి ఓసారి ఖస్ రాసుకుంది. గోవర్ధన్ తలనొప్పి అన్నాడు. మానేసింది. ఆమె బడిలో క్లర్కుగా చేరినప్పటి నుంచి సంగతి తలనొప్పితో ఆగలేదు. ఆమె సాయంత్రం ఇంటికొచ్చి చాయ్ కప్పు అందించడానికి వంగగానే అతను మెల్లగా ఊపిరి లోపలికి పీల్చేవాడు. “ఇయ్యాల బస్సుల రాలేదు గదా, ఆటోల వచ్చినవా?” అనేవాడు. “మీ ఆఫీసుల ఎవరో సెంటు కొట్టుకుంటరు, ఎవరు?” అనేవాడు. అతనిది సర్కారు ఆడిట్ ఆఫీసు. నా ముక్కుకు తెల్వంది లేదు అని నవ్వేవాడు. ఎప్పుడూ చెయ్యెత్తలేదు. గొంతు కూడా పెద్దగా లేవలేదు. అడిగేవాడు, అంతే. అడిగిన ప్రతిసారీ ఆమె చెప్పేది. చెప్పడానికి వీలుగా రోజంతా ఒక పక్కన పోగేసుకునేది: ఏ బస్సు ఎక్కింది, పక్కన ఎవరు కూర్చున్నారు, ఎక్కడ దిగింది. కూరగాయలు బేరమాడుతున్నప్పుడు కూడా, సాయంత్రం ఈ ఆలస్యాన్ని ఎట్లా చెప్పాలా అని మనసులో ఒక మూల పదాలు పేర్చుకుంటూ ఉండేది. తనది అసలు బతకడం కాదేమో, సాక్ష్యం తయారుచేసుకోవడమేమో అన్న ఆలోచన అప్పటికి ఆమెకి రాలేదు. సంసారమన్నాక ఇట్లనే ఉంటది అనుకునేది.

ఆ శనివారం బడిలో పని నడుమ కరస్పాండెంట్ దక్షిణామూర్తి గారు పిలిచారు. “రాజకుమారి గారూ, సోమవారం పిల్లలొస్తరు. గేటు దగ్గర పూలకుండీలు, వచ్చేటోళ్లకు దండలు, కొంచెం మీరు చూసుకోండ్రి. మీకు ఆ టేస్ట్ ఉన్నది గదా.” ఆఫీసులో మగ క్లర్కులు ఇద్దరున్నారు. వాళ్లకి ఏ టేస్టూ ఉన్నట్టు ఎవరూ అనుకోలేదు. ఆమె ఫీజు రసీదులు పక్కన పెట్టి కుండీలు తుడిచి, ఎండిన ఆకులు గిల్లి, దండలకి పూలవాళ్లకి చెప్పి, మళ్లీ వచ్చి రసీదుల ముందు కూర్చునేసరికి అందరూ ఇళ్లకి పోయారు.

నారాయణగూడ చౌరస్తా దగ్గరికి రాగానే వాన దిగింది. ఆ యేటికి అదే మొదటి గట్టి వాన. జనం దొరికిన చూరు కిందికి దొరికినట్టు పరిగెత్తారు. ఆమె నిలబడ్డ చూరు ఒక చిన్న అత్తరు దుకాణానిది. బస్టాప్‌కి పోయేదారిలో రోజూ చూసేదే, ఎన్నడూ ఆగలేదు. గాజు అల్మారాల్లో బొటనవేలంత సీసాలు. లోపల ముసలాయన ఆమె చూపు చూసి, “వానలు మొదలైనయి గదమ్మా, జర ఇది చూడుండ్రి,” అని సన్నటి గాజు పుల్ల ఒక సీసాలో ముంచి, ఆమె చాచిన చేతి వెనక ఒక చుక్క తాకించాడు.

మట్టి అత్తరు. కాలిపోయిన నేల మీద మొదటి చినుకులు. శాలిబండ వాకిలి, నాయన భుజాన తడిసిన తువ్వాల. ఆమె కళ్లు మూసుకుంది. “మా నాయన పెడ్తుండె,” అన్నది ఎవరికో చెప్పినట్టు. కొనుక్కోమని ముసలాయన అడగలేదు. ఆమెకి కొనాలని ఉంది. కానీ సీసా ఇంటికి పోతే దానికి ఒక కథ చెప్పాలి. వాన తగ్గగానే బస్టాప్‌కి నడిచింది. బస్సులో కూర్చున్నాక భయం పట్టుకుంది. రుమాలుతో చేతిని రుద్దింది. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి వానలో తడిపింది. దొంగసొమ్ము కడుక్కుంటున్నట్టు అశోక్‌నగర్ దాకా అదే పని. అత్తరు నీళ్లకి పోదని ఆమెకి తెలియక కాదు.

చాయ్ కప్పు ఇస్తుంటే గోవర్ధన్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

“ఏంది ఇది?”

“ఏంది?”

“వాసన.”

“వాన గదా. తడిసిన.”

“వాన వాసన నాకు తెల్వదా? ఇది వాన కాదు.” చేతిని ముక్కు దగ్గరికి తీసుకున్నాడు, పాలు విరిగాయేమో చూసినట్టు. “అత్తరు.”

“నారాయణగూడల ఒక దుకాణం కింద వానకు నిలవడ్డ. అత్తరు దుకాణం. ఆయన చూడమని జరంత పెట్టిండు.”

“ఆయనెవరు?”

“దుకాణపాయన.”

“చెయ్యి పట్టుకోని పెట్టిండా, పట్టుకోకుండ పెట్టిండా?”

“పుల్లతోని పెట్టిండు.”

“రోజు పోయే తొవ్వే గదా. ఇన్నేండ్లల్ల ఎన్నడు నిలవడలేదు. ఇయ్యాలనే ఎందుకు నిలవడ్డవ్?”

“వాన పడ్డది ఇయ్యాల గాబట్టి.”

ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న కూతురు అనూహ్య, గోడ పక్కన పుస్తకం తెరుచుకుని కూర్చుంది. చాలాసేపటి నుంచి ఆమె పేజీ తిప్పలేదు.

“నేనేమన్న తిడ్తున్ననా? కొడ్తున్ననా?” గోవర్ధన్ కప్పు అందుకుని చాయ్ చల్లగా తాగాడు. “అడుగుతున్న. మొగుడు అడుగుడు గూడ తప్పేనా? సరే, పరేషాన్ గాకు. రేపు ఆదివారమే గదా. పోదాం. దుకాణం ఏడున్నదో చూపిస్తువు. అనూ, నువ్వు గూడ రా, అట్ల తిరిగొద్దాం.”

మర్నాడు పొద్దున ఇడ్లీలు పెట్టి, అత్తగారికి నీళ్లు తోడి, వంట ముగించి రాజకుమారి చీర మార్చుకుంది. ముగ్గురూ నడిచే బయలుదేరారు. గోవర్ధన్ ముందు, తల్లీకూతుళ్లు రెండడుగులు వెనక. దారిలో తెలిసినవాళ్లు కనపడితే అతను ఆగి నవ్వుతూ మాట్లాడాడు. పెద్దకూతురి పెళ్లెప్పుడని ఒకాయన్ని, కిరాయికి ఇల్లు దొరికిందా అని ఇంకొకాయన్ని అడిగాడు. చూసేవాళ్లకి అది పెళ్లాం పిల్లతో షికారు. రాజకుమారి చూపులు మాత్రం రోడ్డుకి రెండు వైపులా షట్టర్ల మీదే ఉన్నాయి. బట్టల దుకాణం మూసి ఉంది. స్టీలు సామాన్ల దుకాణం మూసి ఉంది. ఆదివారమన్న సంగతి ఆమెకి చిక్కడపల్లి దాకా వచ్చాకే పూర్తిగా తలకెక్కింది. అది కూడా బంద్ ఉంటే? తెరిచి ఉండి ముసలాయన లేకపోతే, ఆయన కొడుకెవరో వయసులో ఉన్నవాడు కూర్చుని ఉంటే? ఆయనే ఉండి గుర్తుపట్టకపోతే? రోజూ బస్సులో పోయే తొవ్వ ఇంత పొడుగని ఎప్పుడూ తెలియలేదు. చిక్కడపల్లిలో గుడి ముందు నుంచి పోతూ ఆమె చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. స్వామీ, దుకాణం తెరిచి ఉండాలి, అని మొక్కుకుంది. పిల్ల జ్వరానికి మొక్కినప్పుడు కూడా అంత ఆత్రంగా మొక్కలేదు. పక్కన అనూహ్య కూడా ఆగి కళ్లు మూసుకుంది. గోవర్ధన్ వెనక్కి చూసి, “నడువుండ్రి, ఎండెక్కుతుంది,” అన్నాడు.

దుకాణం తెరిచే ఉంది. ముసలాయన లోపల సీసాలు తుడుస్తున్నాడు.

“నిన్న ఈమె మీ దుకాణానికి వచ్చిందట?” అని అడిగాడు గోవర్ధన్, నవ్వుతూనే.

ముసలాయన అతన్ని చూశాడు, ఆమెని చూశాడు. “రోజు శానమంది వస్తరు సాబ్. యాద్ లేదు.”

గోవర్ధన్ ఆమె వైపు తిరిగి కనుబొమలు కొంచెం పైకెత్తాడు. ఆమె ఒకడుగు ముందుకేసి గడగడా మాట్లాడటం మొదలుపెట్టింది. “నిన్న సాయంత్రం, పెద్ద వాన పడ్తుండె. ఈడనే, ఈ చూరు కింద నిలవడ్డ. మీరు మట్టి అత్తరు చూపెట్టిండ్రు. మా నాయన పెడ్తుండె అని చెప్పిన మీకు. జర యాద్ చేస్కోండ్రి.” తన గొంతు తనకే వినపడింది. దేహీ అన్నట్టుంది.

ముసలాయన తుడిచే గుడ్డ పక్కన పెట్టాడు. “ఆ, వాన. అవునవును. మీరు, ఇంక కొందరు నిలవడిరి. చూసి, కొనకుండ పోయిండ్రు.”

“చేతికి మీరే పెట్టిండ్రా?”

“అందరికి నేనే పెడ్త సాబ్. మీరు గూడ చెయ్యి ఇయ్యుండ్రి.” అని గాజు పుల్ల ముంచి గోవర్ధన్ చేతి మీద ఒక చుక్క పెట్టాడు. గోవర్ధన్ వాసన చూసుకుని పెద్దగా నవ్వాడు. “బాగనే ఉన్నది గదా. ఒకటి ఇయ్యుండ్రి. తీస్కో, నీకే,” అని సీసా ఆమె చేతిలో పెట్టించాడు.

ఆ క్షణంలో రాజకుమారికి ఏడుపొచ్చేంత సంతోషమైంది. ముసలాయన్ని చూసి కృతజ్ఞతగా నవ్వింది. బరువు దిగిపోయినట్టు, పరీక్ష పాసైనట్టు తిరుగుదారంతా తేలిగ్గా నడిచింది. గోవర్ధన్ మార్కెట్ దగ్గర ఆగి మూరెడు మల్లెలు కొన్నాడు, మిర్చి బజ్జీలు కట్టించాడు. ఇంటికి రాగానే తల్లికి వినపడేలా, “నిజమే చెప్పిందమ్మా, దుకాణమున్నది,” అన్నాడు. రోజంతా అతని చేతి నుంచి ఇల్లంతా మట్టి అత్తరు వాసన తిరిగింది. అది ఎక్కడిదని అతన్ని ఎవరూ అడగలేదు.

సాయంత్రం తల్లీకూతుళ్లు మేడ మీద కుండీలు సర్దుతున్నారు. వానకి మరువం కుళ్లకుండా దాన్ని గోడవారకి జరిపారు. మల్లె కొమ్మలు కత్తిరించారు. నిన్నటి వానకి కుండీల్లోని వాన లిల్లీలు కాడలు వేసి, గులాబీరంగు మొగ్గలు నిటారుగా నిలబడి ఉన్నాయి. అనూహ్య వాటి దగ్గర గొంతుక్కూర్చుంది.

“అమ్మా.”

“ఊ.”

“ఇయ్యాల ఆ షాపు బంద్ ఉంటే ఏం చేస్తుంటివి?”

రాజకుమారి కత్తెర ఆగింది.

“గుడి దగ్గర నువ్వేం మొక్కినవో నాకు తెలుసు,” అన్నది అనూహ్య, తల్లి వైపు చూడకుండా. “నేను గూడ అదే మొక్కిన.”

ఆ పిల్ల లేచి, ఇంకో కుండీ ఎత్తుకుని అవతలికి పోయింది. రాజకుమారి మట్టి చేతులతో పిట్టగోడకి ఆనుకుని నిలబడిపోయింది. షాపు బంద్ ఉంటే? తను అబద్ధాలకోరు అయ్యేది. ఏ తప్పూ చేయని మనిషి, ఒక షట్టర్ దించి ఉన్నందుకు తప్పుచేసిందయ్యేది. ముసలాయన గుర్తుపట్టకపోయినా అంతే. తన నిజం తన దగ్గర లేదు. దుకాణపాయన జ్ఞాపకంలో ఉంది, బస్సు కండక్టర్ దగ్గర ఉంది, ఆదివారం సెలవుల్లో ఉంది. ఇంతకాలం తను సంపాదించుకుంటున్నది నమ్మకం అనుకుంది. పొద్దున అది ఆమెకి దొరికినప్పుడు ఎంత మురిసింది, ఎట్లా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఒళ్లు జలదరించింది. అన్నిటికన్నా మించి, పదిహేడేళ్ల పిల్ల గుడి ముందు నిలబడి, తనకి మార్కులు రావాలనో మంచి కాలేజీలో సీటు రావాలనో మొక్కుకోవాల్సిన పిల్ల, తన తల్లి మాట నిజమవ్వాలని మొక్కింది. రేపు ఇంకొక ఇంట్లో, ఇంకొక మనిషి ముందు, ఈ పిల్ల కూడా చెయ్యి చాచి వాసన చూపిస్తుంది. ఎట్లా చూపించాలో ఇక్కడే, తననే చూసి నేర్చుకుంటుంది.

వానాకాలం ఎప్పటిలాగే వచ్చేసింది. తను దానికి ఎదురుపోయింది, ఇన్నేళ్లకి తన కోసం. ఒక్క చుక్క. దాన్ని ఈ ఇల్లు వాసన పట్టి, ఆరా తీసి, మూడు వీధులు తిప్పి, రుజువు చేసి తిరిగి ఆమెకే బహుమతిగా ఇచ్చింది. కిందికి దిగి, రాజకుమారి ఆ సీసా తీసుకెళ్లి గోవర్ధన్ గడ్డం గీసుకునే అద్దం ముందు పెట్టింది. “మీరు కొన్నరు. మీరే పూసుకోండ్రి,” అన్నది. అతను టీవీ నుంచి తల తిప్పి, “నీకు మంచిగ చేసినా కష్టమే,” అన్నాడు.

సోమవారం మధ్యాహ్నం నుంచీ వాన. చౌరస్తా దగ్గర మోకాలి లోతు నీళ్లు నిలిచి బస్సులు కదల్లేదు. రాజకుమారి ఇంటికొచ్చేసరికి వీధి దీపాలు వెలిగాయి. చీర మోకాళ్ల దాకా తడిసి కాళ్లకి చుట్టుకుంది. గోవర్ధన్ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

“ఇంతసేపా? ఏడికి పోయినవ్?”

చెప్పడానికి ఆమె దగ్గర అంతా ఉంది. బస్సు ఎక్కడ ఆగిందో, ఎంతసేపు ఆగిందో, ఎదురింటి శారద అదే బస్సులో ఉందనీ. కండక్టర్ చిల్లు పెట్టిన టికెట్ పర్సులో మడతపడి ఉంది. తీసి చూపించడానికి ఒక్క నిమిషం పట్టదు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. లోపల అనూహ్య లేచి నిలబడటం కనిపించింది.

“చెప్పను,” అన్నది రాజకుమారి.

అతనికి అర్థం కాలేదు. “ఏంది?”

“చెప్పను. ఇయ్యాల చెప్పను, రేపు గూడ చెప్పను.”

“అంటే ఏడికో పోయినవన్నట్టే గదా.”

“మీకు ఎట్ల అనిపిస్తే అట్ల అనుకోండ్రి.” ఆమె పర్సు గట్టిగా పట్టుకుంది. అతను ఒకడుగు ముందుకొచ్చి, అలవాటుగా, ఊపిరి పీల్చబోయాడు. ఆమె ఒకడుగు వెనక్కి, వానలోకి జరిగింది.

గొడవ వినపడి తిమ్మమ్మ గోడ పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది. కొడుకుని చూసి, తడుస్తున్న కోడలిని చూసి, మెత్తగానే అన్నది: “వానికి ఆ ఒక్కమాట చెప్పరాదు బిడ్డా? చెప్తే అయిపోతది గదా.”

“అయిపోతదనే ఇన్నేండ్లు చెప్పిన అత్తమ్మా,” అన్నది రాజకుమారి. “అయిపోలేదు.”

అనూహ్య తువ్వాల పట్టుకుని నానమ్మ పక్కన వచ్చి నిలబడింది. గోవర్ధన్ తల్లి వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. ఎవరూ అతని కోసం ఇంకొక ప్రశ్న అడగలేదు. అతను ఇంకా గుమ్మానికి అడ్డంగానే ఉన్నాడు. రాజకుమారి పక్కనుంచి ఒదిగి దూరిపోలేదు. అతను జరిగేదాకా, వానలోనే, నిలబడింది.